రెండో పేరు

"నీ నగలు నిరుడే తీసుకెళ్లావు కదమ్మా" అంది మేనేజర్ పద్మలత, కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పకుండానే.

కౌంటరుకు ఇవతల నిలబడ్డ కాళికి ఆ మాట ఎక్కలేదు. ఆమె గుడ్డసంచి మూతి విప్పడంలో ఉంది. శనివారం మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బులు అందులో ఉన్నాయి. అవి కట్టి, రెండేళ్లుగా బ్యాంకులో ఉన్న పుస్తెలతాడూ కమ్మలూ విడిపించుకుని, మధ్యాహ్నం కల్లా తండాకు పోయి మిగిలిన చేను ఏరుకోవాలని పొద్దున్నే బయలుదేరి వచ్చింది. ముడి పళ్లతో లాగి విప్పి, సంచిని కౌంటరు మీద పెట్టింది.

"పైసలు సూస్కో మేడం. నా సామాన్ నాకియ్యి."

"నీ సామాను ఇక్కడ లేదమ్మా. లోన్ పోయిన మార్చిలోనే మూసేశారు. నగలు ముట్టాయని నువ్వే వేలిముద్ర వేశావు."

పద్మలత లేచి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చింది. అందులోంచి కాగితం తీసి, వెనక్కి తిప్పి కాళి ముందు పెట్టింది. మూడు చోట్ల ఊదారంగు వేలిముద్రలు. ఒక్కోదాని పక్కన పెన్సిలుతో గీసిన చిన్న ఇంటూ గుర్తు, తుడిచినా పూర్తిగా పోలేదు. అడుగున సాక్షి అని ఉన్నచోట గుండ్రటి అక్షరాలతో ఎల్లక్క అని రాసి ఉంది.

ఆ ఎల్లక్క అప్పుడు స్తంభం దగ్గర నీళ్ల డ్రమ్ము నింపుతోంది. పదహారేళ్లుగా రేగులపాడు బ్యాంకులో ఊడ్చేదీ, తుడిచేదీ, టీ తెచ్చేదీ, సాయంత్రం ఓచర్లకు సూదీదారంతో కుట్లు వేసేదీ ఆమే. మేనేజర్లు మూడేళ్లకొకరు మారేవారు. చీపురు మాత్రం మారలేదు, రోజు కూలీ లెక్కా మారలేదు.

"నేనెప్పుడేసిన మేడం?" కాళి గొంతు పెరిగింది. "నిరుడు మార్చిల నేను గీ బ్యాంకు మొకమే సూడలే. నల్లి పడి మిర్పచేను సగం పోయింది, మిగిలింది ఏరుకుంటున్నం. వడ్డి కట్టి తిరగరాపిచ్చుకుంటమంటే ఎల్లక్కనే చేన్లకొచ్చి ఏలుముద్ర తీస్కపోయింది. నా ఒక్కదానిదే గాదు, తండల అందరిది తీసింది. గీడనే ఉన్నది గద, అడుగు!"

క్యూలో ఉన్న ఆరేడుగురు తలలు తిప్పారు. పద్మలత కూడా చూసింది. డ్రమ్ము నిండి నీళ్లు ఎల్లక్క కాళ్ల మీదికి పొర్లుతున్నాయి. ఆమె వంగి పైపు మడిచి పట్టుకుంది.

"ఎల్లక్కా, జర చెప్పు" అంది కాళి. ఆ గొంతులో ఇంకా కోపం లేదు, నమ్మకమే ఉంది.

"నాకు... యాదికి లేదు కాళక్కా" అంది ఎల్లక్క.

పచ్చి అబద్ధం. ఎల్లక్కకు అంతా గుర్తుంది. అది ఆదివారం. ముందురోజు సాయంత్రం అప్పటి మేనేజర్ ప్రసాద్ సారు లోన్లు తిరగరాసే ఫారాలంటూ ఒక కట్ట చేతికిచ్చి, "పాపం వాళ్లంతా కూలీ చెడగొట్టుకుని రావడమెందుకు ఎల్లక్కా, నువ్వే పోయి వేళ్లు వేయించుకురా, నేను గుర్తులు పెట్టాను, మూడు చోట్ల వేయించు చాలు" అన్నాడు. ఎంత మంచి సారు అనుకుంది. టిఫిన్ సంచిలో ఇంకు ప్యాడు పెట్టుకుని వాగొడ్డు తండా దాకా నడిచింది. మిరపకాయ ఏరీ ఏరీ మండుతున్న వేళ్లను ఆడవాళ్లు సీసా నీళ్లతో కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఒక్కొక్కరే వచ్చి కూచున్నారు. పదిహేడు మంది. ఆమె ఒక్కొక్కరి బొటనవేలు పట్టుకుని నొక్కించింది. గట్టు మీద కూచుని పదిహేడు చోట్ల సాక్షి సంతకం చేసింది. ఐదో తరగతి చదువు ఇన్నాళ్లకు అక్కరకొచ్చిందని లోలోపల మురిసింది కూడా. వచ్చేటప్పుడు వాళ్లు ఆమె సంచిలో రెండు దోసిళ్ల పండు మిరపకాయలు పోశారు.

కాళి డబ్బుల సంచి మూతి ముడేసి, దాన్ని రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, బయటికి నడిచింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక పద్మలత ఎల్లక్కను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. పద్మలత వయసు ముప్పై దాటి ఉండదు. రేగులపాడుకు వచ్చి రెండు నెలలు. బీరువాలోంచి తీసిన కాగితాలు బల్ల నిండా పరిచి ఉన్నాయి. అన్నిటి మీదా పెన్సిలు గుర్తులు, అన్నిటి మీదా ఎల్లక్క సంతకం.

"నిజం చెప్పు. ఫారాలు బ్యాంకు బయటికి తీసుకెళ్లావా?"

ఎల్లక్క నోరు తెరిచింది.

"వద్దు, వద్దు, చెప్పకు" అంది పద్మలత గబగబా, చెయ్యి అడ్డం పెడుతూ. "నువ్వు చెప్తే నేను పైకి రాయాలి. రాస్తే ఇన్ని రోజులు ఏం చూశావని నన్నడుగుతారు. నేను వచ్చి రెండు నెలలే ఎల్లక్కా. ఇదంతా నా హయాంలో జరిగింది కాదు."

ఎల్లక్క నోరు మూసుకుని, బల్ల మీది ఖాళీ టీ గ్లాసు తీసుకుని బయటికి వచ్చింది. గ్లాసు కడిగింది. కడిగిందే మళ్లీ కడిగింది.

మంగళవారం పొద్దున ఆమె చీపురు పట్టుకుని వచ్చేసరికే బ్యాంకు ముందు రోడ్డు నిండిపోయి ఉంది. తండా వాళ్లు పదిహేడు ఇళ్ల నుంచీ వచ్చారు. మాదేమైందో అని ఊళ్లో బంగారం పెట్టినవాళ్లు అందరూ వచ్చారు. కొందరు చేలకు పోయే బట్టల్లోనే ఉన్నారు. షట్టరు సగం ఎత్తి ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్లు దాని కింద కుర్చీలు వేసుకుని కూచున్నారు. గోడ మీద కొత్త కాగితం అంటించి ఉంది: అనివార్య కారణాల వల్ల బంగారు రుణాల సేవలు తాత్కాలికంగా నిలిపివేయడమైనది. అనివార్యమట. పదిహేడు పుస్తెలతాళ్లు వాటంతటవే నడిచిపోయినట్టు.

కాళి భర్త వాల్యా షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. బక్కపలచని మనిషి, మామూలుగా పెద్దగా మాట్లాడడు. ఈరోజు అతని గొంతే అందరికంటే పైన వినిపిస్తోంది.

"పాత మేనేజర్ ఏడికి పోయిండు?"

"ట్రాన్స్‌ఫర్ అయ్యారు" అంది పద్మలత షట్టరు లోపలి నుంచి.

"ఏ ఊరికి?"

"అది మేం చెప్పకూడదు. పై ఆఫీసు వాళ్లు చెప్పాలి."

"పై ఆఫీసోళ్లు ఏడుంటరు?"

"మీరు ఉత్తరం రాయండి. వాళ్లు విచారిస్తారు."

"ఎవలకు రాయాలె? ఏ పేరు మీద రాయాలె?"

వెనక నుంచి ఇంకెవరో, "బంగారం గీటి చూసెటోడేడి? వానికి తెల్వకుంట పోతదా?" అని అరిచారు.

"ఆయన మా ఉద్యోగి కాదు. కమీషన్ మీద వచ్చేవాడు. ఇప్పుడు రావడం లేదు."

"గట్లయితే మీరెవలు? మీ బోర్డేంది? మా సొమ్ము ఎవలకిచ్చినం మేం?" వాల్యా షట్టరు మీద అరచేత్తో కొట్టాడు. కానిస్టేబులు లేచి అతని భుజం పట్టుకుని వెనక్కి జరిపాడు. జనం అందరూ ఒక్కసారి ముందుకు వచ్చారు. వాళ్లను తప్పించుకుంటూ, చీపురు కొంగు కింద దాచుకుని, ఎల్లక్క పక్క సందులోంచి వెనక తలుపు తోసుకుని లోపలికి పోయింది. సొంత ఊళ్లో, పదహారేళ్లు దర్జాగా ఎక్కిన మెట్లు వదిలేసి, దొంగలా వెనక తలుపున పోవలసి వచ్చింది.

పదకొండింటికి పెద్దాఫీసు నుంచి విచారణ అధికారి కారులో దిగాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట, జేబులో రెండు కలాలు. నగల గది తెరిపించి, ఉన్న మూటలన్నీ బయట పెట్టించి, పంచనామాకు సాక్షిగా ఎదురుగా టీ హోటలు నడిపే రాజేందర్‌ను పిలిపించాడు. మూటలు ఒక్కొక్కటే చూసి, సీలు చదివి, పేరు పిలిచి పక్కన పెట్టారు. వాగొడ్డు తండా మూటలు ఒక్కటీ లేవు. ఊరివాళ్లవి చాలావరకు ఉన్నాయి. చివర్లో అధికారి ఒక చిన్న మూట ఎత్తి పట్టుకుని, "ఎల్లక్క ఎవరు?" అన్నాడు.

నర్సింగు చదువుతున్న కూతురు షారోన్ ఫీజు కోసం ఎల్లక్క పెట్టిన రెండు తులాల గొలుసు అది. గుడ్డ నలగలేదు. లక్క చిట్లలేదు. దాన్ని చూడగానే ఆమెకు ముందు ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

రాజేందర్ బయటికి పోయి, లోపల ఏం చూశాడో చెప్పాడు. ఉన్నదే చెప్పాడు, ఒక్క మాట కలపలేదు. కానీ ఎల్లక్క టీ తేవడానికి రోడ్డు దాటేటప్పటికి ఆ సంగతి చివరి వరస దాకా పాకిపోయింది. ఎవరూ తిట్టలేదు. జరిగి దారి ఇచ్చారు. అలా జరగడమే ఆమెకు తట్టుకోవడం కష్టమైంది. హోటలు బల్ల దగ్గర కాళి ఎదురైంది.

"నీ సొమ్ము పెట్టింది నీకు యాదికున్నదా అక్కా?" అంది.

ఎల్లక్క చేతిలో ఫ్లాస్కు మూత సరిగ్గా పడలేదు. టీ కారి మణికట్టు కాలినా తుడుచుకోలేదు.

లోపల అధికారి ఆమెను కుర్చీలో కూచోమన్నాడు. పదహారేళ్లలో ఆ గదిలో ఆమెను కూచోమన్నది ఇదే మొదటిసారి. ఆమె అంచు మీద కూచుంది.

"చూడమ్మా, నువ్వు చాలా కాలంగా నమ్మకంగా పని చేస్తున్నావని మేడం చెప్పారు. నీ పర్మనెంటు ఫైలు మా దగ్గరే ఉంది. ఇలాంటి సమయంలో బ్యాంకు పరువు కాపాడుకోవలసింది మనమే కదా." ఒక టైపు కాగితం ముందుకు జరిపాడు. "నువ్వు సాక్షి సంతకాలు చేసిన పదిహేడు మందీ స్వయంగా బ్యాంకుకు వచ్చారు, నీ కళ్లముందే నగలు తీసుకున్నారు. అంతే. దీని కింద సంతకం పెడితే నీకే ఇబ్బందీ ఉండదు."

"పెట్టకపోతే సార్?"

"పెట్టకపోతే వాళ్లు రాలేదని కదా అర్థం. మరి వేలిముద్రలు ఎక్కడ పడ్డాయి? ఎవరు వేయించారు?" అతను గొంతు పెంచలేదు. "అప్పుడు మొదటి ముద్దాయివి నువ్వే అవుతావమ్మా. నాకది ఇష్టం లేదు. రేపు పదింటికి ఆలోచించుకుని రా."

ఆ సాయంత్రం ఆమె భర్త యోసేపు వేళకు ముందే ఇంటికి వచ్చాడు. రేగులపాడు నుంచి మహబూబాబాద్‌కు ఆటో నడుపుతాడు. ఆటోను వేపచెట్టు కింద ఆపి, సీటు గుడ్డ తీసి దులిపాడు. దుమ్మేమీ లేదు.

"పొద్దటి సంది ఒక్కరెక్కలే" అన్నాడు. "తండ ముంగట ఆపితే అవుతల మొకం పెట్టుకుని నిలవడ్డరు. ముసలోళ్లు సుత నడిచే పోయిన్రు."

ఎల్లక్క కాగితంలో ఏముందో చెప్పింది. అతను గుడ్డ మడతపెడుతూ విన్నాడు.

"పెట్టు" అన్నాడు. "సంతకం పెట్టి బయటవడు. సొమ్ము తిన్నది వాడు. నువ్వు రూపాయి ముట్టినవా?"

"ముట్టలే."

"మరింకేంది? వాడేమో ఏడ్నో ఫ్యాను కింద కూసున్నడు. నువ్వు జైలుకు వోతవా? షారోన్‌కు ఇంక ఏడాది చదువున్నది. రేపు ఏ దవాఖానల నౌకరికి పోయినా, నీ తల్లి మీద కేసున్నదంట గద అంటరు."

"వాళ్లు రాలేదయ్యా."

"ఎవలు?"

"బ్యాంకుకు. ఒక్కలు గూడ రాలే. వచ్చిన్రని ఎట్ల రాయాలె?"

కోపం వచ్చినప్పుడు యోసేపు అరవడు, ఏదో ఒక పని వెతుక్కుంటాడు. బకెట్టు తెచ్చి, శుభ్రంగా ఉన్న ఆటో అద్దాన్ని నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు చూసి, మగ్గు అందుకుని నీళ్లు పోసింది. ఇద్దరూ కలిసి ఆటో మొత్తం కడిగారు. ఆమె మీద అతనికున్నది ప్రేమే, భయమూ దాంట్లోంచి పుట్టిందే. అది తెలుసు కాబట్టే ఆమెకు ఏడుపొచ్చింది.

"నన్నడిగి ఏం లాభం?" అన్నాడు చివరికి, బకెట్టు బోర్లిస్తూ. "ఏలు పట్టుకున్నది నువ్వు. నీకే తెల్సు."

బుధవారం జనం ఇంకా పెరిగారు. రోడ్డు వారన పరదా కట్టి, కింద పట్టాలు వేసుకుని కూచున్నారు. మిరపచేలు ఏరేవాళ్లు లేక ఎండుతున్నాయని తెలిసినా ఎవరూ కదల్లేదు. కాళి తోడికోడలు దీప, తండాలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి కోడలు, ఒళ్లో అట్ట పెట్టుకుని పోలీసు ఠాణాలో ఇవ్వడానికి దరఖాస్తు రాస్తోంది. రెండుసార్లు రాసి రెండుసార్లు చింపేసింది.

ఎల్లక్క ఈసారి ముందు మెట్ల నుంచే ఎక్కింది. గది ఊడ్వలేదు, నీళ్లు పెట్టలేదు. సరాసరి అధికారి ముందు నిలబడింది. పద్మలత పక్క కుర్చీలో కూచుని ఫోను తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ఆలోచించావా?" అధికారి కాగితం జరిపి, జేబులోంచి కలం తీసి మూత విప్పి ఇచ్చాడు.

ఎల్లక్క కలం తీసుకోలేదు. "జర సదువుండ్రి సార్."

అతను చదివాడు. పదిహేడు మంది స్వయంగా శాఖకు హాజరై అన్న చోట ఆమె ఆపింది.

"రాలే సార్."

"ఏంటి?"

"వాళ్లు రాలే. నేనే పోయిన. ఆదివారం చేన్లకు పోయి ఏళ్లు నేనే పెట్టిపిచ్చిన. ఏం రాసున్నదో నాకు తెల్వది. వాళ్లకూ తెల్వది. ప్రసాద్ సారు పెన్సిల్ గుర్తులు పెట్టిచ్చిండు, గాడ పెట్టిపిచ్చిన. సొమ్ము వాళ్ల చేతుల పెట్టంగ నేను సూడలే. గిది రాయుండ్రి, సంతకం పెడత."

పద్మలత ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. అధికారి కలానికి మూత పెట్టాడు.

"అది రాయడానికి నాకు అధికారం లేదమ్మా."

"నేనే చెప్తున్న గద సార్."

"నేను వచ్చింది బ్యాంకు రికార్డు పరిశీలించడానికి. రికార్డులో ఉన్నదానికి నువ్వు ఔనంటే రాసుకుంటాను. లేనిదానికి నువ్వేదో చెప్తే అది నా పరిధిలోకి రాదు." కాగితం తీసి ఫైల్లో పెట్టుకున్నాడు. "రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు. మేడం, ఈమె దగ్గరున్న తాళాలు తీసుకోండి."

పదహారేళ్ల ఉద్యోగం పోవడానికి ఒక మాట చాలింది. పదిహేడు ఇళ్ల బంగారం ఎక్కడ పోయిందో చెప్పడానికి మాత్రం ఆ భవనంలో ఎవరికీ అధికారం లేదు. ఎల్లక్క కొంగున ఉన్న తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టింది.

బయట పరదా దగ్గరికి ఆమె నడిచి వస్తుంటే మాటలు ఆగిపోయాయి. ఏం చెప్పాలో దారిలో అనుకున్నదంతా మరిచిపోయింది. నేరుగా కాళి ముందుకు పోయి నిలబడింది.

"యాదికి లేదన్న గద కాళక్కా. అబద్ధం చెప్పిన. అంత యాదికున్నది. చేన్లకొచ్చింది నేనే, ఏళ్లు పట్టుకున్నది నేనే. భయపడి అబద్ధమాడిన."

కాళి లేచింది. లేస్తూనే ఎల్లక్క చెంప మీద కొట్టింది. చాలా గట్టి దెబ్బ. యోసేపు ఎక్కడి నుంచి చూస్తున్నాడో, పరుగెత్తుకు వచ్చాడు. వాల్యా అతనికి అడ్డం నిలబడ్డాడు.

"మొన్ననే చెప్పరాదె!" అంది కాళి. అని, కొట్టిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, అక్కడే పట్టా మీద కూలబడి ఏడ్చింది. మూడు రోజుల్లో ఆమె ఏడవడం ఇదే మొదటిసారి. ఎల్లక్క కూడా ఆమె పక్కనే కూచుంది. ఎవరూ లేచి పొమ్మనలేదు.

కాసేపటికి దీప అట్ట సర్దుకుంది. వాల్యాతో తమ భాషలో ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ అంది. ఈసారి ఇంకో ఇద్దరు ముసలివాళ్లు కలగజేసుకున్నారు.

"ఏందమ్మా?" అన్నాడు యోసేపు, అక్కడే నిలబడి.

దీప తెలుగులోకి మారింది. "ముద్రలు బ్యాంకుల పడలే, చేన్ల పడ్డయని తేలితేనే మన సొమ్ము మనకు ముట్టలేదని తేలుతదన్నా. అది తేలాలంటే వేయించినోళ్లెవలో దరఖాస్తుల రాయాలె. పేరు లేకుంటే ఠాణాల పట్టించుకోరు." ఎల్లక్క వైపు చూడకుండా అంది. "ఎల్లక్క పేరు రాస్తే కేసు అక్క మీద సుత పడ్తది. రాయకుంటే మన కేసు నిలవడదు."

"అక్క పేరు వద్దు" అన్నాడు వాల్యా. నిన్న షట్టరు మీద కొట్టి కొట్టి అతని అరచెయ్యి వాచి ఉంది. "వచ్చి ఒప్పుకున్నది గద. ఒప్పుకున్నోళ్లనే పట్టియ్యాల్నా?"

"ఆడోళ్లను ఠాణా సుట్టు తిప్పుతరు" అంది ఒక ముసలమ్మ. "ఇంకేమన్న తొవ్వ సూడుండ్రి."

నిన్న దారి ఇచ్చి పక్కకు జరిగినవాళ్లు వీళ్లే. వాళ్ల సొమ్ము పోయిందన్నది ఎంత నిజమో, తన పేరు రాయడానికి వాళ్ల చెయ్యి ఆడటం లేదన్నదీ అంతే నిజం. ఎల్లక్క చెంప ఇంకా మండుతోంది. యోసేపు వైపు చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. ఆమె పక్కకు వచ్చి పట్టా మీద కూచున్నాడు.

"రాయి బిడ్డా" అంది ఎల్లక్క.

"అక్కా, ఆఖర్ల రాద్దామా? ముందుగాల పాత మేనేజర్‌ది, బంగారం చూసెటాయనది..."

"వద్దు. జరిగినట్టే రాయి. ఏలు పట్టుకున్నది ముందు నేను. నాదే ముందు రాయి. బొల్లెపాక ఎల్లక్క. భర్త యోసేపు. నలబై ఆరేండ్లు. రేగులపాడు."

దీప ఒకటి అని అంకె వేసి రాసింది. మెల్లగా, అక్షరం విడవకుండా రాసింది. పదిహేడు ఇళ్లవాళ్లూ ఆ కాగితం మీదికి వంగి చూశారు. చదవగలిగినవాళ్లు నలుగురే, కానీ అందరూ చూశారు. కాళి మొహం తుడుచుకుంది.

"రెండో పేరు" అంది దీప. "పాత మేనేజర్. ప్రసాద్ సారు పూర్తి పేరేంది? ఇంటిపేరేంది?"

కళ్లద్దాల సారు అన్నారు ఒకరు. బుల్లెట్టు బండి సారు అన్నారు ఇంకొకరు. ఏ ఊరివాడో, ఎవరి కొడుకో, ఇప్పుడు ఎక్కడున్నాడో ఒక్కరికీ తెలియదు. అందరూ ఎల్లక్క వైపు తిరిగారు. మూడేళ్లు రోజూ పొద్దునా సాయంత్రం ఆయనకు టీ ఇచ్చిన ఎల్లక్కకూ తెలియదు. బల్ల మీది పేరు బోర్డు ఆమె రోజూ తుడిచేది. దాని మీదివి ఇంగ్లీషు అక్షరాలు. కొత్త మేడం వచ్చిన రోజే ఆ బోర్డు తీసేశారు.

"ప్రసాద్ అని రాస్తే ఏ ప్రసాద్ అంటరు" అంది దీప. "బ్యాంకోళ్లు గట్లాంటోడు మాకు లేడని అంటరు."

ఎల్లక్క లేచి మెట్లెక్కింది. లోపల అధికారి కారు తెప్పించుకుంటున్నట్టుంది, షట్టరు దాదాపు కిందికి దించేశారు. ఆమె వంగి, అరచేత్తో మూడుసార్లు కొట్టింది. కానిస్టేబులు కుర్చీలోంచి లేవబోయి, ఆమె చెంప మీది వాత చూసి మళ్లీ కూచున్నాడు.

"మేడం, నేను ఎల్లక్కను. ప్రసాద్ సారు పూర్తి పేరేంది మేడం? ఇప్పుడు ఏ బ్రాంచిల ఉన్నడు?"

షట్టరుకు అవతల చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. పద్మలత గొంతు చాలా మెల్లగా వినిపించింది. "నేను చెప్పకూడదు ఎల్లక్కా. చెప్తే నా మీదికి వస్తుంది. నువ్వైనా అర్థం చేసుకో."

ఎల్లక్కకు అర్థమైంది. సోమవారం తాను పడ్డ భయమే అది, రంగూ రుచీ అన్నీ తెలుసు. మెట్ల కింద వాల్యా, కాళి, యోసేపు, పదిహేడు ఇళ్లవాళ్లూ లేచి నిలబడ్డారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. దీప అట్ట పట్టుకుని, రెండు అని అంకె వేసి, దాని పక్కన కలం ఆనించి ఉంచింది.

ఎల్లక్క షట్టరుకు ఇంకా దగ్గరగా వంగింది.

"నా పేరు రాసుడు అయిపోయింది మేడం" అంది. "సారు పేరు కోసమే ఆగినం."